గ్రాఫు ఏ ప్రమాణం?

వ్యాపార లెక్కలను బొమ్మలుగా చూపే సాధనాన్ని ఎంచుకోవడం మామూలుగా కొనుగోలు విభాగం చేసే పని. పవర్ బీఐ, టాబ్లో, లుకర్ స్టూడియో, మెటాబేస్, అపాచీ సూపర్‌సెట్, జోహో అనలిటిక్స్ వంటి పేర్లు ఒక పట్టికలో రాసుకుంటారు. లైసెన్సు ధర ఎంత, ఆఫీసులో ఇప్పటికే ఉన్న సాఫ్ట్‌వేర్‌తో కలుస్తుందా, నేర్చుకోవడానికి ఎంత కాలం పడుతుంది అని చూసి ఒకటి ఖాయం చేస్తారు. ఆ పట్టికలో చోటు దక్కని ప్రశ్న ఒకటి ఉంది. తెర మీద పైకి లేచిన గీతను చూసి ‘అమ్మకాలు పెరిగాయి’ అని మేనేజరు అనుకున్నప్పుడు అతనికి కలిగింది ఏ రకమైన జ్ఞానం? అది నిజమని దేన్ని బట్టి నమ్మాలి? భారతీయ దర్శనాలు ప్రమాణ విచారణ అనే పేరుతో శతాబ్దాల పాటు చర్చించిన ప్రశ్న ఇదే. ఆ విచారణకూ ఆధునిక గణాంకశాస్త్రానికీ ముఖాముఖి పరిచయం జరిగిన ఊరు కోల్‌కతా. అందువల్ల సాధనం ఎంపికను ఆ ఊరి వైపు నుంచి చూడటం సబబు.

మిథిలలో పుట్టిన నవ్యన్యాయం అనే తర్కశాస్త్ర శాఖ కోల్‌కతాకు ఉత్తరాన భాగీరథి ఒడ్డున ఉన్న నవద్వీపంలో రఘునాథ శిరోమణి వంటి వారి చేతుల్లో వికసించింది. ఆ శాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థులకు దేశమంతటా మొదట చెప్పే పాఠం మాత్రం తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం. అందులో ప్రమాణాలు, అంటే సరైన జ్ఞానం కలిగే మార్గాలు, నాలుగు: ప్రత్యక్షం (ఇంద్రియాలతో నేరుగా తెలిసేది), అనుమానం (ఒక గుర్తును బట్టి తేల్చుకునేది), ఉపమానం (పోలికతో తెలిసేది), శబ్దం (మాట ద్వారా తెలిసేది). గ్రాఫును ఈ నాలుగింటిలో ఎక్కడ పెట్టాలి? కంటికి కనబడుతోంది కాబట్టి ప్రత్యక్షమని చాలామంది అనుకుంటారు. నిజానికి కంటికి కనబడేది నీలి రంగు, ఒక వంపు, కొన్ని అంకెలు, అంతే. అమ్మకం కనబడదు. గీత ఎత్తును బట్టి అమ్మకం ఇంత అని తెలుసుకోవడం అనుమానం. ఆ అనుమానానికి ఆధారమైన అంకె ఎక్కడిది? కోల్‌కతా బడాబజారులో ఏదో గోదాములో గుమాస్తా కంప్యూటర్లో ఎక్కించిన వోచరు అది. అంటే శబ్దం, ఒకరు చెప్పిన మాట. శబ్దం ప్రమాణం కావాలంటే ఆ మాట ఆప్తుడిది, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడిది కావాలని న్యాయశాస్త్రం షరతు పెట్టింది. ఈ లెక్కన డ్యాష్‌బోర్డు ప్రత్యక్షం వేషం వేసుకున్న అనుమానం, ఆ అనుమానం నిలబడింది శబ్దం మీద. బొమ్మ ఎంత అందంగా ఉంటే అడుగున ఉన్న ఆ మాట అంతగా మరుగున పడుతుంది. వ్యాపార నివేదికల్లో పొరపాట్లు ఎక్కువగా పుట్టేది ఈ మరుగులోనే.

ఇక్కడ మీమాంసకులకూ, న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికులకూ మధ్య సాగిన పాత వాదం గుర్తుకు రాక తప్పదు. కుమారిలభట్టు సంప్రదాయం ప్రకారం జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధం. బాధకమైన మరో జ్ఞానం ఎదురయ్యే దాకా, లేదా కారణంలో దోషం బయటపడే దాకా దాన్ని నమ్మవచ్చు. నైయాయికులు ఒప్పుకోలేదు. ప్రామాణ్యం బయటి నుంచి తేలవలసిందేనన్నారు, దీనికే పరతఃప్రామాణ్యమని పేరు. నీళ్ళున్నాయని తెలిసింది నిజమా కాదా అన్నది దగ్గరికి వెళ్ళి దాహం తీరినప్పుడే ఖాయమవుతుంది. రోజువారీ ఆఫీసు మీమాంసకుల బాటలోనే నడుస్తుంది, నడవక తప్పదు కూడా. ప్రతి అంకెనూ తవ్వుకుంటూ కూర్చుంటే పని సాగదు. అయినా సందేహం వచ్చిన రోజున నైయాయికుడి బాట తెరిచి ఉండాలి. నెల మొత్తం మీద నొక్కితే జిల్లాలు, జిల్లా మీద నొక్కితే దుకాణాలు, దుకాణం మీద నొక్కితే ఆ రోజు ఇన్‌వాయిస్ నంబరు దాకా దిగగలగాలి. ఆ మెట్లు ఉన్న సాధనానికీ, మొత్తాన్ని ఒక బొమ్మగా అతికించి వదిలేసే సాధనానికీ ఉన్న తేడా సౌకర్యానికి సంబంధించిన తేడా కాదు. మొదటిది జ్ఞానాన్ని పరీక్షకు నిలబెడుతుంది, రెండోది విశ్వాసం అడుగుతుంది.

ఇక నిర్వచనం సంగతి. దీనికి ప్రభుత్వ లెక్కల నుంచే ఉదాహరణ తీసుకోవచ్చు. దేశపు ఎగుమతి దిగుమతుల లెక్కలను సంకలనం చేసి ప్రకటించే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఢిల్లీలో లేదు, కోల్‌కతాలో ఉంది. దాని పేరు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ కమర్షియల్ ఇంటెలిజెన్స్ అండ్ స్టాటిస్టిక్స్. బిజినెస్ ఇంటెలిజెన్స్ అన్న మాట సాఫ్ట్‌వేర్ ప్రకటనల్లోకి రాకముందే, కలకత్తా బ్రిటిష్ పాలనకు కేంద్రంగా ఉన్న కాలం నుంచి ఆ పని అక్కడ జరుగుతోంది. ఆ లెక్కల్లో ఒక సంగతి ప్రతి వ్యాపారీ తెలుసుకోదగ్గది. ఎగుమతి విలువను ఓడ ఎక్కించే దాకా అయిన ధరతో, అంటే ఎఫ్‌ఓబీ పద్ధతిలో రాస్తారు. దిగుమతి విలువకు ఓడ కిరాయి, బీమా కలిపి, అంటే సీఐఎఫ్ పద్ధతిలో రాస్తారు. అందువల్ల భారతదేశం ఒక పొరుగు దేశానికి ఇంత సరుకు పంపామని చెప్పిన అంకె, అదే సరుకు అందుకున్నామని ఆ దేశం చెప్పే అంకె సాధారణంగా ఒకటి కావు. ఇందులో అబద్ధం ఎవరిదీ కాదు, రెండూ తమ తమ చోటు నుంచి నిజం. పైగా ప్రతి నెలా మొదట వచ్చే అంకె తాత్కాలికం, తరువాత సవరణ వస్తుంది. తాత్కాలికమన్న ఆ ఒక్క మాట రాయని గ్రాఫు అంకెను సరిగ్గా చూపి కూడా తప్పుదారి పట్టిస్తుంది.

ప్రైవేటు సంస్థల్లోనూ ఇదే చిక్కు. ‘అమ్మకం’ అంటే ఆర్డరు వచ్చిన రోజా, బిల్లు వేసిన రోజా, సరుకు చేరిన రోజా? వాపసు వచ్చిన సరుకును ఏ నెలలో తగ్గించాలి? ‘క్రియాశీల ఖాతాదారు’ ఎవరు? ఏడాదిలో ఒక్కసారి కొన్నవాళ్ళందరూ అంటే పొరపాటున ఒకసారి వచ్చి మళ్ళీ మొహం చూపనివాళ్ళు కూడా చేరిపోతారు. తార్కికులు దీన్ని అతివ్యాప్తి అన్నారు. ప్రతి నెలా కొనేవాళ్ళే అంటే ఏటా పెళ్ళిళ్ళ సీజన్లో లక్షల సరుకు తీసుకుపోయే పాత ఖాతాదారు జారిపోతాడు. అది అవ్యాప్తి. లక్షణంలోని, అంటే నిర్వచనంలోని, ఈ దోషాలను తర్కసంగ్రహం చదివే పిల్లవాడు మొదటి నెలల్లోనే నేర్చుకునేవాడు. నేటి సాధనాల్లో లుకర్ (లుకర్ స్టూడియో వేరు) వంటివి ఒక పదానికి ఒకే చోట నిర్వచనం రాసి, అన్ని నివేదికలూ దాన్నే వాడేట్టు చేస్తాయి. పవర్ బీఐలో ఉమ్మడి డేటా నమూనాతో ఇదే పని చేయవచ్చు. ఎవరి ఎక్సెల్ ఫైలు వాళ్ళదే అయిన ఆఫీసులో ఒకే మాటకు పది లక్షణాలు పుడతాయి. సమావేశంలో జరిగే గొడవ అంకెల మీదేనని అందరూ అనుకుంటారు గాని, గొడవంతా నిర్వచనం మీదే.

ఒకే సంగతి రెండు చోట్ల నుంచి రెండుగా నిజం కావచ్చునన్న ఆలోచనకు జైనులు అనేకాంతవాదం అని పేరు పెట్టారు. ‘స్యాత్’ అంటే ‘ఒక విధంగా’ అన్న ముందుమాట లేకుండా ఏ తీర్పూ చెప్పకూడదన్నది వారి స్యాద్వాదం. ఒక విధంగా ఉంది, ఒక విధంగా లేదు, ఒక విధంగా ఉన్నదీ లేనిదీ, ఒక విధంగా చెప్పనలవి కానిది... ఇలా ఏడు విధాల తీర్పులు. దీన్ని గణాంకశాస్త్రం దగ్గరికి తెచ్చినవాడు కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1931 డిసెంబరులో ప్రెసిడెన్సీ కాలేజీ వేదికగా మొదలైన ఆ సంస్థ తరువాత నగరం ఉత్తర శివారు బరానగర్‌లో స్థిరపడింది. 1954లో యూరప్ నుంచి వెలువడే డయలెక్టికా అనే తత్త్వశాస్త్ర పత్రికలో గణాంకశాస్త్ర పునాదుల మీద రాసిన వ్యాసంలో మహలనోబిస్ స్యాద్వాదాన్ని సంభావ్యతతో పోల్చాడు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడుతుంది, పడదు. రెండూ కలిపి చూస్తే పడేదీ పడనిదీ. ఏది పడుతుందో ముందుగా తేల్చి చెప్పలేని స్థితి నాలుగోది. ఈ నాలుగో తీర్పు దగ్గర సంభావ్యత భావానికి గుణాత్మకమైన మూలం కనబడుతోందన్నది అతని ఆలోచన. ప్రాచీన జైనులు సంభావ్యతా సిద్ధాంతం కనిపెట్టారని మాత్రం అతను అనలేదు. ఆ జాగ్రత్త మెచ్చదగ్గది. ఆ వ్యాసం 1957లో సంస్థ పత్రిక ‘సంఖ్య’లో మళ్ళీ అచ్చయింది. అదే ఏడు బ్రిటన్ వదిలి ఆ సంస్థలో చేరిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా స్యాద్వాదం మీద అదే సంచికలో రాశాడు.

ఇది వ్యాసంలోని పోలిక మాత్రమే కాదు, అంతకు చాలా ముందే మహలనోబిస్ పనిలో ఉంది. 1930ల చివరి నుంచి బెంగాల్‌లో జనపనార, వరి సాగు విస్తీర్ణాన్ని నమూనా పద్ధతిలో అంచనా వేసేటప్పుడు మహలనోబిస్ ఒక ఏర్పాటు చేశాడు. ఒకే ప్రాంతంలో రెండు నమూనాలు విడివిడిగా తీసి, రెండు వేర్వేరు బృందాలతో లెక్క తెప్పించేవాడు. రెండు అంకెలు దగ్గరగా వస్తే నమ్మకం, దూరంగా వస్తే హెచ్చరిక. ఈ పద్ధతి నుంచే 1960లో ఎకనామెట్రికా పత్రికలో అచ్చయిన ఫ్రాక్టైల్ గ్రాఫు వచ్చింది. వ్యాపార నివేదికలు తయారుచేసే ప్రతివారూ చూడదగ్గ బొమ్మ అది. కుటుంబాలను తలసరి ఖర్చు ప్రకారం పేద నుంచి ధనిక దాకా వరుసలో నిలబెట్టి, సమానమైన పది గుంపులుగా విడగొడతారు. ప్రతి గుంపుకూ, ఉదాహరణకు, తిండిగింజల మీద సగటు ఖర్చు చుక్కగా పెట్టి గీత కలుపుతారు. ఈ పని ఒక్క నమూనాకే కాక రెండింటికీ విడివిడిగా చేస్తారు. ఒకే గ్రాఫు మీద రెండు గీతలు. వాటి మధ్య మిగిలిన సందే ఆ లెక్కలో పొరపాటుకు కొలత. కొన్నేళ్ళ తరువాత మళ్ళీ సర్వే చేసి ఆ రెండు గీతలు కూడా గీస్తే, పాత జంటకూ కొత్త జంటకూ మధ్య ఉన్న దూరం ఒక్కో జంట లోపలి సందు కంటే బాగా ఎక్కువైనప్పుడే మార్పు నిజంగా వచ్చిందని అనవచ్చు. ఫార్ములా తెలియని మనిషి కూడా కంటితో చూసి ఈ తీర్పు ఇవ్వగలడు. సందేహాన్ని ఫుట్‌నోటులో దాచకుండా బొమ్మలోనే భాగం చేసిన పద్ధతి ఇది. ‘స్యాత్’ అన్న మాటకు కాగితం మీద ఇంతకంటే మంచి రూపం దొరకడం కష్టం.

సందేహానికి చోటివ్వడం ఎందుకు తప్పనిసరో గణితంలో నిరూపించిన మనిషి తెలుగువాడు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్ళి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి విని, 1941 జనవరి 1న అందులో చేరాడు. 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన అతని వ్యాసంలోని ఫలితాన్ని నేడు ప్రపంచమంతా క్రామెర్–రావు హద్దు అంటుంది. సేకరించిన దత్తాంశంలో ఉన్న సమాచారం ఎంతో తేలాక, దాని నుంచి తీసే నిష్పాక్షికమైన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికొక గీటు ఉంది. ఏ తెలివీ ఆ గీటు దాటించలేదు. దీన్ని ఆఫీసు భాషలోకి తెస్తే ఇలా ఉంటుంది. 50 మంది ఖాతాదారులను అడిగితే సంతృప్తి సగటు పోయిన నెల 4.25, ఈ నెల 4.37 వచ్చిందనుకుందాం. ఒక్కొక్కరి మార్కు సగటు నుంచి సుమారు 1 అటూ ఇటూ ఊగుతూ ఉంటే, రెండు సగటుల తేడాలోనే 0.2 దాకా ఊగిసలాట సహజం. 0.12 తేడాను పట్టుకుని పచ్చ బాణం పైకి చూపించే డ్యాష్‌బోర్డు లేని కబురు చెబుతోంది. రెండు దశాంశాలకు బదులు నాలుగు చూపినా, తెర ఎంత పెద్దదైనా, ఆ 50 మంది చెప్పిన దానికంటే ఎక్కువ సంగతి అందులోంచి రాదు.

రావు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో చెప్పిన ఉదంతం శబ్దప్రమాణం గురించి పైన చెప్పిన మాటకు సాక్ష్యం. 1947 అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్నవారి సంఖ్య ఎవరికీ తెలియదు. లోపలికి వెళ్ళి తలలు లెక్కపెట్టే వీలు లేదు. భోజనాలు సమకూర్చే కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రం చాలా పెద్దవిగా వస్తున్నాయి. మహలనోబిస్ సహచరుడు జె.ఎం. సేన్‌గుప్తా సూచన మీద గణాంకవేత్తలు ఆ బిల్లుల్లోని బియ్యం, పప్పు, ఉప్పు మొత్తాలను ఒక్కొక్కదాన్నీ తలసరి వాడకంతో భాగించారు. నిజంగా అన్నీ సరైన లెక్కలైతే మూడింటి నుంచీ దాదాపు ఒకే జనసంఖ్య రావాలి. బియ్యం లెక్కతో వచ్చిన సంఖ్య అన్నిటికంటే ఎక్కువ, ఉప్పు లెక్కతో వచ్చింది తక్కువ. బియ్యం ఖరీదైనది, దాని లెక్క పెంచితే డబ్బు మిగులుతుంది. ఉప్పు చవక, పెంచినా వచ్చే లాభం లేదు. కాబట్టి ఉప్పు లెక్కనే నమ్మదగ్గదిగా తీసుకున్నారు. ఆప్తుడెవరన్న ప్రశ్నకు ఇంత చక్కని ఆచరణ అరుదు. చెప్పేవాడికి ఆ అంకె పెంచడంలో లాభం ఉందా లేదా అని చూడటమే ఇక్కడ ఆప్తత్వానికి పరీక్ష అయింది. ప్రోత్సాహకం బోనసుతో ముడిపడ్డ అమ్మకాల అంకెను, దానితో ఏ లాభమూ ముడిపడని లారీ లోడింగు రిజిస్టరుతో పక్కపక్కన చూపించే వీలు రిపోర్టింగ్ సాధనంలో ఉండాలి. వేర్వేరు మూలాలను ఒకే తెర మీద కలపగల శక్తికి ఉన్న అసలు విలువ ఇది.

అనుమానం దగ్గరే మరో జాగ్రత్త ఉంది. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్న ప్రతి చోటా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావడానికి నిప్పుతో పాటు తడి కట్టె కావాలి. ఆ తడి కట్టెను తార్కికులు ఉపాధి అన్నారు. కోల్‌కతాలో బట్టల వ్యాపారానికి ఈ తడి కట్టె దుర్గాపూజ. ప్రకటనల ఖర్చు పెరిగింది, అమ్మకాలూ పెరిగాయి, కాబట్టి ప్రకటనల వల్లే పెరిగాయనే గ్రాఫులో ఉపాధి దాగి ఉంటుంది. రెండూ పెరిగింది పూజ ముందు వారాల్లోనే. పైగా పండుగ తిథిని బట్టి నడుస్తుంది, సాధనం ఇంగ్లీషు నెలను బట్టి నడుస్తుంది. 2023లో అధిక శ్రావణం రావడంతో పూజ అక్టోబరు మూడో వారం దాటింది, దశమి 24న పడింది. 2024లో అక్టోబరు రెండో వారానికి వచ్చింది. 2025లో షష్ఠి సెప్టెంబరు 28న, దశమి అక్టోబరు 2న. 2025 అక్టోబరును 2024 అక్టోబరుతో పోల్చిన నివేదికలో వ్యాపారం కుప్పకూలినట్టు, సెప్టెంబరులో ఎగసినట్టు కనబడవచ్చు. జరిగింది పంచాంగం కదలడమే. పవర్ బీఐలో పోయిన ఏడాది ఇదే కాలంతో పోల్చే సూత్రం దానికిచ్చిన తేదీలనే నమ్ముతుంది. పూజకు ముందు వచ్చే మహాలయ అమావాస్యకు ఎన్ని వారాల ముందు అన్న నిలువు పట్టీ ఒకటి తేదీల పట్టికలో చేర్చుకోగలిగితేనే పోలిక పోలిక అవుతుంది. సొంత క్యాలెండరు పెట్టుకునే వీలులేని సాధనం కోల్‌కతాలో గాని, సంక్రాంతి, దసరా వ్యాపారం మీద బతికే విజయవాడ, వరంగల్ దుకాణాల్లో గాని పనికిరాదు.

కంటి సంగతి కొంత తేలిక. 1984లో క్లీవ్‌లండ్, మెగిల్ చేసిన ప్రయోగాల్లో ఒకే కొలబద్ద మీద ఉన్న చుక్కల స్థానాన్ని మనుషులు బాగా పోల్చగలరని, కోణాలనూ వైశాల్యాలనూ అంత బాగా పోల్చలేరని తేలింది. గుండ్రని పై చార్టు ఇచ్చే జ్ఞానం పట్టీల బొమ్మ ఇచ్చే జ్ఞానం కంటే మసక. పట్టీల బొమ్మలోనూ అక్షం సున్నా నుంచి మొదలుపెట్టాలి. 98, 100 అనే రెండు అంకెలను 95 నుంచి మొదలయ్యే అక్షం మీద నిలబెడితే ఒకటి మూడు, ఇంకొకటి ఐదు అంగుళాల ఎత్తున కనబడతాయి. సాధనం తనంతట తాను ఏ అక్షం, ఏ రంగు, ఏ బొమ్మ ఎంచుతుందో ఎంపికకు ముందే పరీక్షించాలి. ఎందుకంటే పనిలో ఉన్నవాళ్ళు చాలామంది ఆ తొలి ఎంపికను మార్చరు.

ఇన్ని వైపుల నుంచి చూస్తే మార్కెట్లో ఉన్న సాధనాల మధ్య తీర్పు కొంత సులువవుతుంది. మెటాబేస్, సూపర్‌సెట్ వంటి ఓపెన్‌సోర్స్ సాధనాల్లో గ్రాఫు వెనకున్న ఎస్‌క్యూఎల్ ప్రశ్నను తెరిచి చూడవచ్చు. పరతఃప్రామాణ్యం కోరేవారికి ఇది పెద్ద సుగుణం. దాన్ని చదవగల మనిషి మాత్రం ఆఫీసులో ఉండాలి. టాబ్లో బొమ్మల మీద ఇచ్చే స్వేచ్ఛ ఎక్కువ, పొరపాటు అవధులను, అంటే అంచనా ఎంత అటూ ఇటూ ఊగగలదో, గీతతో పాటు పట్టీగా చూపడం అందులో వీలవుతుంది. పవర్ బీఐకి నిర్వచనాలను ఒకచోట ఉంచే బలం, ఎవరు ఏ వరుస చూడవచ్చో నిర్ణయించే ఏర్పాటు ఉన్నాయి. లుకర్ స్టూడియో మొదలుపెట్టడానికి తేలిక. ఎక్సెల్ ఇప్పటికీ ఒక మనిషి ఒక ప్రశ్నను తవ్వడానికి మంచిదే, పదిమంది ఒకే సత్యం మీద నిలబడటానికి చాలదు. చిన్న వ్యాపారానికి సలహా ఇవ్వవలసి వస్తే చెప్పదగ్గది ఇది: అమ్మడానికి వచ్చినవారిని అందమైన బొమ్మ చూపమని అడగకూడదు. తన సొంత వోచర్ల నుంచి ఒక నెల లెక్క ఇచ్చి, ఒక మొత్తం నుంచి ఇన్‌వాయిస్ దాకా దిగి చూపమనాలి, ‘అమ్మకం’ నిర్వచనం ఎక్కడ రాసి ఉందో చూపమనాలి, తాత్కాలిక అంకెను ఎలా గుర్తు పెడతారో అడగాలి, పూజ వారాల లెక్కన పోలిక చేయించాలి, పొరపాటు అవధిని గీయించాలి. వీటిలో మూడింటికి కూడా జవాబు లేని సాధనాన్ని ధర ఎంత తక్కువైనా వదిలేయడం మంచిది.

మహలనోబిస్ రెండు గీతల గ్రాఫును పైన చెప్పిన సాధనాలన్నీ గీయగలవు. అందుకు కావలసింది డేటాలో ‘ఒకటో నమూనా’, ‘రెండో నమూనా’ అని చెప్పే ఒక నిలువు పట్టీ మాత్రమే. ఆ పట్టీని ఏ సాఫ్ట్‌వేరూ తరువాత పుట్టించలేదు. లెక్క సేకరించిన రోజునే, ఇద్దరు మనుషులు విడివిడిగా వెళ్ళి రాసుకొస్తేనే అది ఉంటుంది.